మూడు తరాల హద్దు

పితృకార్యంలో కర్త పేరు పెట్టి పిలిచేది మూడు తరాల వారినే. అమావాస్య తర్పణమైనా, ఏటా వచ్చే తద్దినమైనా, భాద్రపద బహుళపక్షంలో పెట్టే మహాలయమైనా ఈ లెక్క మారదు. గోత్రమూ పేరూ చెప్పి తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా భావించి తిలోదకం వదులుతారు. తల్లికి, నాయనమ్మకు, ముత్తవ్వకు కూడా ఇదే వరుస. ముత్తాత తండ్రికి మాత్రం పేరుతో పిలుపు లేదు. వంశం ఎంత పాతదైనా స్మరణకు ఈ హద్దు ఎందుకు ఉంది, హద్దు దాటినవారి మాటేమిటి, అసలు ఇక్కడ పెట్టింది వారికి చేరుతుందా అనే మూడు ప్రశ్నలు పితృకర్మ చుట్టూ చాలా కాలంగా ఉన్నాయి. చిన్న ఊళ్లలో తాతల గురించీ అమ్మమ్మల గురించీ ఇళ్లలో చెప్పుకొనే జ్ఞాపకాలు కూడా ఈ హద్దు దగ్గరే ఆగుతాయి.

పితృఋణం

బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత ఆరో కాండ చెబుతుంది. బ్రహ్మచర్యంతో ఋషుల ఋణం, యజ్ఞంతో దేవతల ఋణం, సంతానంతో పితృదేవతల ఋణం తీరుతాయి. తెలుగునాట వైదిక కుటుంబాల్లో తైత్తిరీయ శాఖ, ఆపస్తంబ సూత్రం పాటించేవారే ఎక్కువ కాబట్టి ఈ మాట ఇక్కడ బాగా నాటుకుంది. కాలక్రమంలో వర్ణంతో పని లేకుండా అందరి నోటా పితృఋణం అనే మాట నిలిచింది.

ఈ అప్పు తీరే తీరు మామూలు అప్పుల వంటిది కాదు. ఇచ్చినవారికి తిరిగి ఇవ్వడం కుదరదు, తరవాతి తరానికి ఇవ్వాలి. తాత తనను పెంచిన ఋణం తన మనవణ్ణి పెంచితే తీరుతుంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం కొడుకు వల్ల లోకాలు, మనవడి వల్ల ఆనంత్యం, మునిమనవడి వల్ల సూర్యలోకం దక్కుతాయని అంటుంది. కిందికి లెక్కపెట్టిన ఈ మూడు తరాలూ పైకి లెక్కపెట్టే తండ్రి, తాత, ముత్తాతల వరుసకు సరిగ్గా సరిపోతాయి. ముత్తాతను ఆదిత్యరూపుడని పిలవడానికీ మునిమనవడి వల్ల సూర్యలోకం అనడానికీ పొంతన కనిపిస్తుంది. అంటే మూడు తరాల బంధానికి రెండు కొసలూ ఉన్నాయి. పై కొసన ముత్తాత, కింది కొసన మునిమనవడు.

పేరు జారిపోయే క్రమం

మనిషి పోగానే పితృదేవత అయిపోడు. మొదట ప్రేతం. పది రోజుల కర్మలు, ఏకోద్దిష్టం అయ్యాక సపిండీకరణం జరుగుతుంది. శాస్త్రప్రకారం దీనికి ఏడాది నిండాలి, ఆచారంలో మాత్రం పన్నెండో రోజునే కానిస్తున్నారు. ప్రేతపిండాన్ని మూడు భాగాలు చేసి పోయిన వ్యక్తి తండ్రి, తాత, ముత్తాతల పిండాలతో కలుపుతారు. అక్కడితో ఆయన పితృపంక్తిలో మొదటివాడవుతాడు. అప్పటిదాకా మూడో స్థానంలో ఉన్న ముత్తాత పేరు ఆ వరుస నుంచి తప్పుకుంటుంది. ఒక తరం చేరిన రోజే ఇంకొక తరం పేరు పోతుంది.

పేరు పోయినంత మాత్రాన బంధుత్వం తెగదు. పిండం పెట్టిన చేతికి అంటుకున్న మెతుకులను దర్భలకు తుడవాలని, ఆ లేపం నాలుగో తరం నుంచి ఆరో తరం వరకు ఉన్నవారికి చెందుతుందని మత్స్యపురాణం వివరిస్తుంది. పిండం అందుకునేవారు ముగ్గురు, లేపం అందుకునేవారు ముగ్గురు, పెట్టేవాడు ఏడోవాడు. సాపిండ్యం ఏడు తరాలని చెప్పడానికి లెక్క ఇదే. ఏడు తరాల దాకా చుట్టరికం ఉంటుంది, మూడు తరాల దాకా పేరు ఉంటుంది.

పేర్లు తెలియకపోతే ఏం చేయాలో కూడా శాస్త్రం చెప్పింది. తండ్రి తరాన్ని భూమిపై ఉండేవారిగా, తాత తరాన్ని అంతరిక్షంలో ఉండేవారిగా, ముత్తాత తరాన్ని ద్యులోకంలో ఉండేవారిగా పిలిస్తే చాలు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. మనవలు మరిచిపోతారని ముందే ఊహించి, మరపు వల్ల కర్మ ఆగకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇందులో మరపుకు ప్రాయశ్చిత్తం విధించలేదు.

చూసినవారు, విన్నవారు

మూడు తరాల లెక్కకు మనుషుల అనుభవంలోనే ఆధారం ఉంది. తద్దినం పెట్టే మనిషి తండ్రిని బాగా ఎరుగును. తాతను చిన్నతనంలో చూసి ఉంటాడు. ముత్తాతను చూడకపోయినా, చూసిన తాత నోట విని ఉంటాడు. అంటే తండ్రీ తాతలకు ప్రత్యక్షం ప్రమాణం, ముత్తాతకు ఆప్తవాక్యం ప్రమాణం. ఆ పైవారిని చూసి, వారి సంగతులు చెప్పగలవారు సాధారణంగా ఇంట్లో మిగలరు. కర్మలో పేరు ఆగిన చోటే సాక్ష్యమూ ఆగుతుంది.

ఇళ్లలో చెప్పుకొనే కబుర్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పిఠాపురం వంటి చిన్న పట్టణంలో నాలుగు తరాలుగా ఉంటున్న కుటుంబంలో తాత సంగతులు వివరంగా తెలుస్తాయి. ఏ అరుగు మీద కూర్చునేవాడు, ఏ కూర ఉంటే ఇంకో ముద్ద తినేవాడు, ఎవరి మీద కోప్పడేవాడు అన్నీ చెబుతారు. ముత్తాత విషయానికి వచ్చేసరికి రెండు మూడు సంఘటనలే మిగులుతాయి: ఫలానా ఊరి నుంచి వచ్చాడు, ఫలానా పొలం కొన్నాడు, తుపానులో ఇల్లు పోతే మళ్లీ కట్టాడు. ఆ పైవారికి మిగిలేది పెద్దలు అనే బహువచనమే.

కర్మకూ కబుర్లకూ తేడా కూడా ఉంది. మంత్రం చెప్పేది మగవాడు, గుర్తు పెట్టుకుని చెప్పేది ఎక్కువగా ఆడవారు. కోడలిగా వచ్చిన నాయనమ్మకు పుట్టింటి సంగతులూ మెట్టినింటి సంగతులూ రెండూ తెలుసు. సెలవులకు వెళ్లే ఊరు అమ్మమ్మ గారిది కావడం వల్ల పిల్లలకు మాతామహుల జ్ఞాపకాలే ఎక్కువగా ఉంటాయి. గోత్రం తండ్రి వైపు నడిస్తే జ్ఞాపకం తల్లి వైపు కూడా నడుస్తుంది. శాస్త్రం దీన్ని కొంత పట్టించుకుంది. మహాలయంలో మాతామహుడు, ఆయన తండ్రి, తాతల వర్గానికి కూడా పిండాలున్నాయి. వారి తరవాత కారుణ్య పితరుల వరుస వస్తుంది. పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అత్తమామలు, గురువులు, స్నేహితులు ఆ వరుసలో ఉంటారు.

సంతానం లేనివారి సంగతి మరీ గమనించదగ్గది. పెళ్లి కాని చిన్నతాత, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మేనత్త ఇళ్లలోని కథల్లో తరచూ కనిపిస్తారు. పిల్లలందరినీ సాకింది వారే అయినా వారి పేర తద్దినం పెట్టే కొడుకు లేడు. తర్పణం ముగింపులో బట్ట తడిపి పిండిన నీటిని, ఆ కులంలో పుట్టి సంతానం లేకుండా పోయినవారికి వదలాలన్న విధి వారి కోసమే.

చేరుతుందా అన్న ప్రశ్న

పెట్టింది పోయినవారికి చేరుతుందా అన్న సందేహం కొత్తది కాదు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన సర్వదర్శనసంగ్రహంలో చార్వాకుల వాదం ఇలా సాగుతుంది: ఇక్కడ ఒకరు తింటే మరో లోకంలో ఉన్నవారి ఆకలి తీరేటట్లయితే, ఊరికి పోయేవాడికి దారిబత్తెం కట్టడం దండగ. వేమన పేర వ్యాప్తిలో ఉన్న పద్యాల్లో పితరుల పేరిట కాకులకు పిండాలు పెట్టడాన్ని వెక్కిరించేవి ఉన్నాయి.

ఆస్తికుల్లోనూ ఒక చిక్కు ఉంది. ఛాందోగ్యం, బృహదారణ్యకం చెప్పే పితృయానంలో జీవుడు పొగ, రాత్రి, కృష్ణపక్షం, దక్షిణాయనం మీదుగా పితృలోకానికీ చంద్రలోకానికీ వెళ్లి, వానగా దిగి, ధాన్యంలో చేరి మళ్లీ పుడతాడు. మళ్లీ పుట్టినవాడికి పిండం ఎందుకు? మనవడు పుడితే తాతే మళ్లీ వచ్చాడని మురిసిపోయే ఇంట్లోనే ఆ తాతకు ఏటా తద్దినం పెడతారు. రెంటికీ పొసగదని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించదు.

దీనికి యాజ్ఞవల్క్యస్మృతి ఒక దారి చూపింది. శ్రాద్ధంలో తృప్తి పొందేవారు వసువులు, రుద్రులు, ఆదిత్యులు. వారు తృప్తులై మనుషుల పితరులను తృప్తిపరుస్తారు. మత్స్యపురాణం ఇంకో అడుగు వేసి, పితరుడు దేవుడై ఉంటే ఆ అన్నం అమృతంగా, పశువై ఉంటే గడ్డిగా, పామై ఉంటే గాలిగా అందుతుందని చెప్పింది. పేరూ గోత్రమూ మంత్రమూ దాన్ని చేరవేస్తాయి.

బౌద్ధం మరో జవాబిచ్చింది. పాళీ అంగుత్తరనికాయంలో జాణుస్సోణి అనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి ఇదే ప్రశ్న అడుగుతాడు. పోయినవారు ప్రేతలోకంలో ఉంటేనే దానఫలం వారికి చేరుతుందని, వేరే గతుల్లో ఉన్నవారికి చేరదని బుద్ధుడు చెబుతాడు. మనం తలచిన బంధువు అక్కడ లేకపోతేనో? వేరే బంధువులు అందుకుంటారు. ఇంత దీర్ఘమైన సంసారంలో బంధువులెవరూ లేకుండా ఆ చోటు ఖాళీగా ఉండడం అసాధ్యం, పైగా ఇచ్చినవాడికి ఫలం ఎలాగూ ఉంటుంది. ఈ జవాబులో ఒక వ్యక్తికని ఇచ్చింది ఒక సమూహానికి చెందుతుంది. సపిండీకరణం చేసే పనీ ఇంచుమించు ఇదే.

మంత్రం లేని స్మరణ

మంత్రం లేని ఇళ్లలోనూ ఈ స్మరణ ఉంది. తెలంగాణలో మహాలయ అమావాస్యను పెత్తరమాస అంటారు. ఆ రోజు పెద్దల పేర్లు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికో జంగమయ్యకో ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. కోస్తాలో సంక్రాంతి పెద్దల పండుగ. కొత్త బట్టలు పెద్దల పటాల ముందు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి నైవేద్యం చేశాకే ఇంట్లోవారు కట్టుకుంటారు, తింటారు. పెద్దలు కలలో కనిపిస్తే ఏదో కోరుతున్నారని ఎవరికైనా అన్నమో బట్టో ఇవ్వడం అన్ని కులాల్లోనూ కనిపిస్తుంది.

తెలుగు క్రైస్తవులు నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం పూజ చేయించడం కథోలిక విశ్వాసంలో భాగం. ప్రొటెస్టంటు సిద్ధాంతం చనిపోయినవారి కోసం ప్రార్థనను ఒప్పుకోదు. అయినా తాతల సమాధి దగ్గరికి వెళ్లడం ఆ కుటుంబాల్లోనూ ఉంది. ముస్లింలు షబే బరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదువుతారు. మనిషి పోయాక కూడా ఆగని మూడింటిలో సత్సంతానం చేసే దుఆ ఒకటని హదీసు చెబుతుంది, మిగతావి కొనసాగే దానం, పనికొచ్చే విద్య. సిద్ధాంతాలు వేరైనా పోయినవారి బాధ్యత ముందుగా బతికున్న సంతానం మీదే పడుతుంది.

హద్దు అవతల మిగిలేవి

మూడు తరాలు దాటిన పేర్లను నిలిపే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. గయ, కాశీల్లో పండాలనే తీర్థపురోహితుల దగ్గర యాత్రికుల వంశక్రమం రాసిన పుస్తకాలుంటాయి. రెడ్లకూ కాపులకూ గోత్రాలు, వంశావళులు పాడి చెప్పడం పిచ్చుకుంట్ల వృత్తి. చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే కాబట్టి పూర్వీకులు విడిచి వచ్చిన ఊరు, వారి పేర్లు పోయాక కూడా ఇంటిపేరులో ఉంటుంది. మొదటి మనవడికి తాత పేరు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. మామగారి పేరు నోటితో అనని కోడలు ఆ పిల్లవాణ్ణి అబ్బాయి అనో బుజ్జి అనో పిలిచేది. ఇవన్నీ పేరును కాపాడగలవు కానీ మనిషిని కాపాడలేవు. ఆరో తరం తాత పేరు పండా పుస్తకంలో దొరికినా ఆయన కోపం, మాట తీరు అందులో ఉండవు.

పేరు తెలియనివారికి స్థానం మాత్రం ఎప్పుడూ ఉంది. గయలో బంధువులకే గాక స్నేహితులకూ, ఎవరూ లేనివారికీ పిండం పెట్టవచ్చు. గయాసురుడి పాదాలు పడిన చోటుగా చెప్పే పిఠాపురం పాదగయలోనూ, పన్నెండేళ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాల్లోనూ పిండప్రదానం పేరు తెలిసినవారితో మొదలై పేరు లేనివారితో ముగుస్తుంది. ఊరొదిలి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అక్కడి సూర్యోదయాన్ని బట్టి గుణించిన పంచాంగంలో తిథి చూసుకుని తద్దినం పెట్టుకుంటున్నాయి. అమ్మేసిన పాత ఇల్లు, అరుగు, ఇరుగుపొరుగు లేనప్పుడు తాతను చూసినవారి మాట పిల్లల చెవిన పడే అవకాశం తగ్గుతుంది, మూడో తరం పేరుకు ఆధారమైన సాక్ష్యం రెండో తరంతోనే ఆగిపోవచ్చు. ఆ పరిస్థితికీ కర్మలో చోటుంది, పేరు తెలియనివారిని పిలిచే విధి ఉంది కాబట్టి.

మూడు తరాల హద్దును ఇలా చూస్తే పితృకర్మ ఉద్దేశం పోయినవారిని ఎప్పటికీ పట్టి ఉంచడం కాదని తేలుతుంది. తెలిసిన మనిషిని తెలిసినంత కాలం పేరుతో పిలవాలి, చూసినవారూ విన్నవారూ లేనప్పుడు ఆయన్ను పెద్దల్లో కలపాలి. చేరుతుందా అన్న ప్రశ్నకు దర్శనాలు ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. పిలవాల్సింది ఎవరు, ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు స్థిరంగా ఉంది: చూసినవారు, వారి నోట విన్నవారు ఉన్నన్నాళ్లు. ఆ తరవాత మరపు దోషం కాదు, వరుసలో తరవాతి మెట్టు.