ఉపగ్రహం ఎవరు చేశారు?

2022 ఆగస్టు 7, ఆదివారం పొద్దున. శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్ళ కొత్త చిన్న రాకెట్ ఎస్సెస్సెల్వీ మొదటిసారి లేచింది. లోపల ఇస్రో సొంత ఉపగ్రహంతో పాటు ఎనిమిది కిలోల బుల్లి ఉపగ్రహం ఒకటి ఉంది. పేరు ఆజాదీశాట్. దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు, చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ ఆధ్వర్యంలో చేసింది. బడికి పదిమంది, బడికొక పేలోడ్, ఒక్కొక్కటీ యాభై గ్రాములు. "750 మంది అమ్మాయిలు తయారుచేసిన ఉపగ్రహం" అని అన్ని పేపర్లూ రాశాయి.

రాకెట్ మూడు దశలూ మండాయి. కానీ 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో వదలాల్సిన ఉపగ్రహాల్ని ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల కక్ష్యలో వదిలింది. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంటుంది. అక్కడికి దిగిన ఉపగ్రహం తిరిగి పైకి రాదు. రెండూ పోయాయి.

ఎందుకు పోయాయో ఇస్రో తర్వాత చెప్పింది. రెండో దశ విడిపోయేటప్పుడు క్షణకాలం వచ్చిన కుదుపుకి యాక్సెలరోమీటర్లు తేడాగా చదివాయి. రాకెట్‌లోని సాఫ్ట్‌వేర్ అది చూసి 'సెన్సర్లు చెడిపోయాయి' అని తేల్చేసింది. తేల్చేసి, ఉన్నంతలో గట్టెక్కించే అత్యవసర పద్ధతిలోకి మారిపోయింది. చివర్లో సెకనుకి 56 మీటర్ల వేగం తక్కువ పడింది. కక్ష్యలో ఉండాలంటే సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా వేగం కావాలి. అందులో ఒక్క శాతం కూడా కాదు ఈ తరుగు. ఇలాంటి కోడ్ రాసి పొట్ట పోసుకునేవాణ్ణి కాబట్టి ఆ రిపోర్టు చదువుతుంటే నాకు వెన్నులో చలి పుట్టింది. సెన్సర్లు నిజంగా చెడిపోలేదు, చెడిపోయాయని నమ్మిన ప్రోగ్రాము కొంప ముంచింది.

ఇంతకీ ఆ అమ్మాయిలు ఏం కోల్పోయారు? వాళ్ళు పెట్టిన సెన్సర్లు, లోడ్ చేసిన ప్రోగ్రాములు ఆగస్టు 6 రాత్రి ఎలా ఉన్నాయో 7 మధ్యాహ్నానికీ అంతే మంచివి. పని మారలేదు, ఫలితం మారింది. 2023 ఫిబ్రవరి 10న అదే రాకెట్ రెండో ప్రయోగంలో ఆజాదీశాట్-2 వెళ్ళి 450 కిలోమీటర్ల కక్ష్యలో కుదురుగా కూర్చుంది. అప్పుడు "అమ్మాయిల విజయం" అన్నారు. మొదటిది పడిపోయినప్పుడు మాత్రం అది ఇస్రో వైఫల్యం. ఆ వైఫల్యం పిల్లలది కాదు, న్యాయమే. కానీ ఆ లెక్కన రెండోసారి కక్ష్యలో కూర్చోవడం కూడా వాళ్ళ విజయం కాకూడదు కదా?

తత్వశాస్త్రంలో దీనికి 'మోరల్ లక్' అని పేరుంది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఈ పేరుతోనే చెరొక వ్యాసం రాశారు. నేగెల్ ఉదాహరణ లారీ డ్రైవర్‌ది. బ్రేకులు చూపించుకోకుండా బండి తీసిన డ్రైవర్లు ఇద్దరున్నారనుకోండి. ఒకడికి దారిలో ఎవరూ అడ్డం రాలేదు, ఇంకొకడికి ఒక పిల్లాడు అడ్డం వచ్చాడు. నిర్లక్ష్యం ఒకటే, లోకం వేసే శిక్ష వేరు. నేగెల్ నింద గురించే ఎక్కువ ఆలోచించాడు. మన బడుల్లో చూడాల్సింది పొగడ్తల సంగతి. నింద అదృష్టం మీద ఆధారపడితే అన్యాయం అంటాం. పొగడ్త అదృష్టం మీద ఆధారపడితే దండ వేసి ఫోటో దిగుతాం.

'తయారుచేశారు' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఉపగ్రహం ఒళ్ళు, బ్యాటరీ, రేడియో, దాన్ని రాకెట్‌కి బిగించే పద్ధతి పెద్దవాళ్ళవి. పిల్లలది అందులో చిన్న వాటా. అది అబద్ధమేనా అంటే, అబద్ధం అని నేను అనలేను. నేను 'ఈ యాప్ నేను చేశాను' అంటే అందులో నేను రాసిన ప్రతి లైనుకీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసి ఊరికే పంచిపెట్టిన లైన్లు వెయ్యి ఉంటాయి. నెబ్రాస్కాలోనో నార్వేలోనో ఎవరో ఒకాయన ఖాళీ వేళల్లో చూసుకునే లైబ్రరీ ఆగిపోతే నా యాప్ కూడా ఆగుతుంది. అంతా తానే చేసినవాడు ఈ భూమ్మీద ఎవడూ లేడు. కాబట్టి 'పిల్లలు మొత్తం చేయలేదుగా' అని పెదవి విరిచేవాళ్ళ వాదన నాకు పట్టదు.

నా దృష్టిలో అసలు తేడా ఇంకోచోట ఉంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ వస్తుందో ఆ కోడ్ వాళ్ళది. ఎవరు రాశారన్నది తర్వాతి మాట. ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో చెప్పగలిగినంత మేరకే ఒక పని మనది. ఇలా చూస్తే బడి పిల్లల ఘనతల్ని కొలవడానికి వేరే తక్కెడ దొరుకుతుంది. యాభై గ్రాముల పేలోడ్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఎండలో ఎంత తప్పు చూపిస్తుందో ఒక పదమూడేళ్ళ అమ్మాయి చెప్పగలిగితే, ఆ యాభై గ్రాములూ పూర్తిగా ఆమెవి. ఎనిమిది కిలోల ఉపగ్రహాన్ని ఆమె పేరున రాస్తే ఆ యాభై గ్రాములు కనబడకుండా పోతాయి.

పిల్లల వాటాని ఉన్నదున్నట్టు చెప్పిన ఒక ఉదాహరణ నాకు తెలుసు. ఇంగ్లండులో డెవన్ అనే చోట బ్లాకాటన్ అని చిన్న ఊరు. అక్కడి ప్రైమరీ స్కూల్లో ఎనిమిది నుంచి పదేళ్ళ పిల్లలు పాతిక మంది, బో లోటో అనే న్యూరోసైంటిస్టు తోడుగా, బంబుల్‌బీల మీద ప్రయోగం చేశారు. మన తుమ్మెదలకి చుట్టాలు అవి. రంగు వలయాలు అమర్చి, ఏ వలయంలో తీపి నీళ్ళున్నాయో రంగునీ దాని చుట్టూ ఉన్న రంగునీ బట్టి ఆ ఈగలు నేర్చుకోగలవా అన్నది ప్రశ్న. ప్రశ్న పిల్లలదే. 2010 డిసెంబర్‌లో ఆ పేపరు రాయల్ సొసైటీ వాళ్ళ 'బయాలజీ లెటర్స్' పత్రికలో వచ్చింది. రాసిన తీరు పిల్లల మాటల్లోనే ఉంటుంది, బొమ్మలు రంగు పెన్సిళ్ళతో వేసినవి. పాత పరిశోధనల ప్రస్తావనలు లేవు, స్టాటిస్టిక్స్ లేవు. అవి లేవని తెలిసే, పక్కన ఇద్దరు శాస్త్రవేత్తల వ్యాఖ్యానం పెట్టి మరీ వేశారు. నాకు నచ్చిందేమిటంటే, ఆ ఈగలన్నీ ఒకేలా నేర్చుకోలేదనీ, ఒక్కోదాని పద్ధతి ఒక్కో రకంగా ఉందనీ పిల్లలు రాశారు. గ్రాఫుని సాపు చేసి చూపించే తొందర లేదు. 'ప్రపంచాన్ని మార్చే ఆవిష్కరణ' అని ఎవరూ అరవలేదు. అది చిన్న విషయమే గానీ పూర్తిగా వాళ్ళది.

ఇక్కడ నన్ను ఒకరు నిలదీయొచ్చు. డెవన్ పిల్లలకి ఫోటో అక్కర్లేదయ్యా, మన పిల్లలకి కావాలి, అని. ఈ మాటకి నా దగ్గర తేలిక జవాబు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఉపగ్రహం పక్కన నిలబడ్డ కూతురి ఫోటో జిల్లా ఎడిషన్లో పడితే, ఆ ఇంట్లో పెళ్ళి మాట ఒక ఏడాది వెనక్కి జరగొచ్చు. హెడ్మాస్టర్ వచ్చి 'మీ అమ్మాయిని చదివించండి' అంటే తండ్రి ఈసారి కూర్చోబెట్టి టీ ఇస్తాడు. ఉబ్బించి రాసిన ఒక వాక్యం అంత పని చేస్తే, నిజం పేరుతో దానికి సూది గుచ్చే హక్కు ఏసీ గదిలో కూర్చున్న నాకు ఉందా? చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. (1, 1, 1, 2, 2, 3 అని టీవీలో గుక్క తిప్పుకోకుండా అరిచే కార్పొరేట్ కాలేజీలకి ఈ మినహాయింపు ఇవ్వను. అక్కడ ఆ అరుపు వల్ల పెళ్ళి ఆగే అమ్మాయి లేదు, ఫీజు కట్టే తండ్రి ఉన్నాడు.)

ఇప్పుడు నాకనిపించేది ఇది. ఫోటో పడాలి. కానీ ఆ అమ్మాయి రేపు ఇంజినీరింగ్‌లో చేరి మొదటి సెమిస్టర్లో ఒక సర్క్యూట్ పని చేయక తల పట్టుకుంటుంది. 'ఉపగ్రహం చేసినదాన్ని, ఇది రాదా' అనుకుంటుంది. చేయనిదాన్ని చేశావని చెప్పి పంపిస్తే దాని బరువు మోయాల్సింది ఆమె ఒక్కతే. 'ఈ సెన్సర్ నీది, దీన్ని నువ్వు మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి నిలబెట్టావు' అని చెప్పి పంపితే ఆ రాత్రి ఆ మాట పనికొస్తుంది. తండ్రికి చూపించే ఫోటో కింద కూడా ఆ వాక్యం రాయొచ్చు. టీ ఇవ్వడానికి ఆయనకి అది చాలదని మనం ఎందుకు అనుకుంటాం?

రెండేళ్ళ క్రితం ఒక బడి సైన్స్ ఫెయిర్‌కి జడ్జిగా పిలిస్తే వెళ్ళాను. ముఖ్య అతిథి అందరూ చెప్పే కథే చెప్పారు. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 తొలి ప్రయోగం విఫలమైతే సతీశ్ ధవన్ బాధ్యత తన మీద వేసుకున్నారనీ, 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి వెళ్ళినప్పుడు మాత్రం విలేకరుల ముందుకి కలాంని పంపారనీ. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత స్టాళ్ళు చూడటం మొదలైంది.

ఒక స్టాల్లో ఎనిమిదో తరగతి కుర్రాడు మట్టి ఎండితే దానంతటదే నీళ్ళు పెట్టే మోటార్ పెట్టాడు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సెన్సర్, ఒక ఆర్డుయినో, చిన్న పంపు. ఇలాంటివి ఆ హాల్లోనే ఇంకో నాలుగున్నాయి. 'ఇది ఎప్పుడు పనిచేయదు?' అని అడిగాను. కుర్రాడు ఒకసారి టీచర్ వైపు చూసి, టేబుల్ కింద బ్యాగులోంచి పాత సెన్సర్ ఒకటి తీశాడు. కడ్డీలు తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. "రోజంతా కరెంట్ ఇస్తే వారంలో ఇట్లయితది సార్. అప్పుడు మట్టి తడిగున్నా పొడి అంటది. మోటార్ ఆగదు. మా ఇంట్లో తులసి కుండీ మునిగింది." మరి ఏం చేశావంటే, గంటకోసారి చదివేటప్పుడు మాత్రమే సెన్సర్‌కి కరెంట్ వెళ్ళేలా ప్రోగ్రాం మార్చానన్నాడు. టీచర్ నవ్వుతూ అడ్డొచ్చింది. "అది పాతది సార్, పాడైపోయింది. కొత్తది పెట్టించాం, ఇది చూడండి."

ఫస్ట్ ప్రైజ్ మాటలు చెప్పే రోబోకి వచ్చింది. మార్కుల షీట్లో నాతో పాటు ఇంకో ఇద్దరున్నారు.

ఆ హాల్లో ప్రతి చార్టు మీదా నాలుగు గడులు: లక్ష్యం, పరికరాలు, విధానం, ఫలితం. 'ఎక్కడ చెడింది', 'ఎవరు సాయం చేశారు' అని ఇంకో రెండు గీయించమని నిర్వాహకులతో అన్నాను. మంచి ఆలోచన అన్నారు, రాసుకున్నారు కూడా. కానీ 120 స్టాళ్ళు లంచ్ లోపు అయిపోవాలి, జడ్జికి స్టాల్ దగ్గర దొరికేది మూడు నిమిషాలు. తుప్పు పట్టిన కడ్డీ బ్యాగులోంచి బయటికి రావడానికే అందులో సగం పోతుంది.