పసిబిడ్డ ముక్కులో పాలగొట్టం: బలవంతమా, బాధ్యతా?

"బిడ్డ తిననంటోంది. తిననప్పుడు ముక్కులో పైపు పెట్టి పోయించడమేమిటమ్మా? రోగిని తినమని బలవంతం చేయకూడదని హదీసులో ఉంది కదా! అల్లాహ్ మీద భారం వేసి ఇంటికి తెచ్చేసుకోండి."

పల్నాడు ఇళ్లలో ఇలాంటి మాట వినడం మనకు కొత్త కాదు. ఆ మాట అనే నానీమాకు గానీ దాదీమాకు గానీ బిడ్డ మీద ప్రేమ తక్కువేమీ కాదు. గొట్టం వేసేటప్పుడు బిడ్డ పడే బాధ చూడలేక అంటారు. పైగా హదీసు పేరు చెప్పి అంటారు. కనుక ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ధర్మం పేరుతో అడిగిన ప్రశ్నకు ధర్మం వెలుగులోనే సమాధానం వెతకాలి.

నూజెండ్ల లాంటి మెట్ట మండలంలో ఒక కూలి కుటుంబాన్ని ఊహించుకోండి. తల్లిదండ్రులిద్దరూ పొలం పనులకు వెళితేనే పొయ్యి వెలుగుతుంది. ఏడాదిన్నర బిడ్డ విరేచనాలతో చిక్కి శల్యమైంది. వినుకొండలో చూపించారు, నరసరావుపేట వెళ్లారు, చివరకు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి చేరారు. అక్కడ డాక్టరు, "నోటితో తాగడం లేదు, గొట్టం వేయాలి" అన్నారు. ఇంటి దగ్గర మిగతా పిల్లలున్నారు, కూలి పోతోంది, ఫోనులో పెద్దవాళ్లు వచ్చేయమంటున్నారు. ఆ రాత్రి ఆ తల్లి ఏం చేయాలి? ఆమె తీసుకునే నిర్ణయం మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 16.1 శాతం మంది ఎత్తుకు తగిన బరువు లేనివారు. వారిలో తీవ్రంగా చిక్కిపోయినవారే మొత్తం పిల్లల్లో 6 శాతం.

ఆ హదీసు అర్థమేమిటి?

రోగులను తిండి కోసం బలవంతపెట్టవద్దనీ, వారిని పోషించేవాడు అల్లాహ్ అనీ భావం వచ్చే హదీసును హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. అది తిర్మిజీ, ఇబ్నెమాజా గ్రంథాల్లో ఉంది. దాని పరంపర బలం గురించి హదీసువేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నా, అందులోని కరుణ మనందరికీ తెలిసినదే. జ్వరంతో నోరు చేదెక్కినవాని ముందు పళ్లెం పెట్టి, తినకపోతే తిట్టడం సేవ కాదు, హింస.

అయితే ఈ హదీసును వివరించిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) తమ 'జాదుల్ మఆద్' గ్రంథంలో ఒక ముఖ్యమైన మినహాయింపు చెప్పారు. అరుదైన సందర్భాల్లో, ముఖ్యంగా రోగి తెలివి చెదిరిపోయే జబ్బుల్లో, అతనికి బలవంతంగానైనా ఆహారం ఇవ్వవలసి రావచ్చని రాశారు. అంటే ఆ ఆదేశం అందరికీ, అన్ని స్థితులకూ ఒకేలా వర్తించదన్నమాట. తన మేలేదో తాను తెలుసుకోలేని పసిబిడ్డ కూడా ఈ మినహాయింపు కిందికే వస్తుందని మేము భావిస్తున్నాము.

మాట చెప్పగలవారు, చెప్పలేనివారు

దైవప్రవక్త (స) అంతిమ వ్యాధి సమయంలో ఇంటివారు ఆయన నోట్లో ఒక పక్క నుంచి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగి మందును ఇష్టపడడులే అనుకుని వారు ఆగలేదు. తేరుకున్నాక ఆయన (స) అసంతృప్తి వ్యక్తం చేశారు. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. తెలివిలో ఉన్న పెద్ద మనిషి వద్దంటే ఆ మాటకు విలువ ఉందని దీన్నిబట్టి మనకు అర్థమవుతుంది.

కానీ పసిబిడ్డ తల పక్కకు తిప్పుకుంటే అది 'వద్దు' అనే నిర్ణయమా? కాదు. తీవ్ర పోషకాహార లోపంలో ఆకలి చచ్చిపోతుంది. ఆకలి వేయకపోవడమే అక్కడ జబ్బు. శరీరం తన కండను తానే కరిగించుకుంటూ ఉంటుంది. బిడ్డ ఏడవడం కూడా మానేస్తుంది. అది నెమ్మది కాదు, నీరసం. అలాంటి బిడ్డ తాగడం లేదని ఊరుకోవడమంటే, జబ్బు మాటను బిడ్డ మాటగా భావించడమే.

ఆసుపత్రిలో జరిగేదేమిటి?

తెలియనిదంటే భయం. కనుక తెలుసుకుందాం. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే, లేదా రెండు పాదాలకూ నీరు పడితే అది తీవ్రమైన లోపానికి గుర్తు. జబ్బు ముదిరితే ఆసుపత్రిలో చేర్చి, మొదట ఎఫ్-75 అనే పలుచని పాలను రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్లు కూడా, కొద్ది కొద్దిగా ఇస్తారు. వంద మిల్లీలీటర్లలో 75 కేలరీలే ఉంటాయి. "ఇంత చిక్కిపోయిన బిడ్డకు ఇంత తక్కువా?" అని తల్లులు అడుగుతారు. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి ఇస్తే రక్తంలోని లవణాలు తారుమారై గుండె మీదికి వస్తుంది. 1945లో నాజీ శిబిరాల నుంచి విముక్తులైనవారిలో కొందరు తిండి దొరికిన తర్వాత మరణించడం ప్రపంచం చూసింది. బిడ్డ తేరుకుని ఆకలి తిరిగి వచ్చాకనే చిక్కని ఎఫ్-100 పాలు మొదలుపెడతారు.

ప్రతిసారీ ముందు నోటితోనే ప్రయత్నిస్తారు. ఇవ్వవలసిన దానిలో అయిదింట నాలుగు వంతులు కూడా బిడ్డ వరుసగా తాగలేకపోతే అప్పుడు గొట్టం. ముక్కు నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది దాకా కొలిచి, సన్నని మెత్తని గొట్టాన్ని కడుపులోకి పంపుతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోలేదని సరిచూశాకే పాలు పోస్తారు. వేసేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది, ఇబ్బంది పడుతుంది. ఇది దాచవలసిన విషయం కాదు. కానీ రోజు ఆహారంలో ముప్పాతిక వంతు నోటితో తీసుకోగలిగితే గొట్టం తీసేస్తారు. అది కాలువ దాటించే పలక లాంటిది, అవతలి గట్టు చేరాక దాని అవసరం ఉండదు.

ఇది పరాయి నాగరికత తెచ్చిన వింత అని కూడా అనుకోనక్కరలేదు. 1162లో మరణించిన సెవిల్ నగర ముస్లిం వైద్యుడు ఇబ్నె జుహ్ర్, మింగలేని రోగికి గొంతులోకి లోహపు గొట్టం పంపి ఆహారం ఇచ్చే పద్ధతిని తన 'అత్-తైసీర్' గ్రంథంలో వివరించారు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

ఒంటెను కట్టి మరీ అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) ఒక సహచరునికి బోధించిన సంగతి మనందరికీ తెలుసు. వైద్యం చేయించుకోమని కూడా ఆయన ఆదేశించారు. ఆహారమిచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు, తల్లి రొమ్ము ఎలా ఒక సాధనమో, నర్సు చేతిలోని సిరంజి కూడా అలాంటి సాధనమే. సాధనాన్ని కాదనడం దాతపై నమ్మకమెలా అవుతుంది? పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన స్త్రీ ఏ గతికి చేరిందో హదీసుల్లో చదివాము. మూగజీవి విషయంలోనే అంత లెక్క ఉంటే, అల్లాహ్ మనకు అమానతుగా అప్పగించిన బిడ్డ విషయంలో ఎంత లెక్క ఉంటుంది?

మరో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. కొడుకైతే అప్పు చేసైనా గుంటూరు దాకా పరుగెత్తి, కూతురైతే "అల్లాహ్ రాసిపెట్టినట్టు జరుగుతుంది" అనే ఇళ్లు లేకపోలేదు. సజీవంగా పూడ్చబడిన ఆడశిశువును ప్రళయదినాన ప్రశ్నించడం గురించి తక్వీర్ సూరా చదివే మనం, తిండి అందక ఆరిపోయే ఆడశిశువు గురించి ఏం జవాబు చెబుతాం?

పాల బంధం మాట

నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరడానికి సుమారు 34 వారాలు నిండాలి. అందాకా తల్లి పాలనే పిండి గొట్టం ద్వారా ఇస్తారు. ఇందులో ఏ సందేహమూ లేదు. ఎఫ్-75 లాంటివి పశువుల పాలతో చేసినవి గనుక వాటితో బంధుత్వం ఏర్పడదు. కానీ మరో స్త్రీ పాలు ఇచ్చినప్పుడు జాగ్రత్త అవసరం. ముక్కు ద్వారా పోసిన పాలతోనూ పాల బంధుత్వం ఏర్పడుతుందని హనఫీ ఫిఖ్హ్‌తో సహా అధిక సంఖ్యాక ఫఖీహ్‌ల అభిప్రాయం. ఎవరి పాలో తెలియకుండా కలిసిపోతాయనే ఆందోళనతోనే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1985లో పాల బ్యాంకులను వద్దంది. దీని అర్థం ప్రాణం పోతుంటే పాలు నిరాకరించమని కాదు. పాలిచ్చిన తల్లి ఎవరో అడిగి తెలుసుకోండి, రాసిపెట్టుకోండి, ఆలిమ్‌ను సంప్రదించండి. రేపు నిఖా సమయంలో ఆ కాగితం అక్కరకొస్తుంది.

ఎంతవరకు?

మెదడు దెబ్బతిని ఎన్నటికీ మింగలేని పిల్లలూ ఉన్నారు. వారికి నెలల తరబడి ముక్కు గొట్టం కాక, పొట్ట మీద నుంచి నేరుగా గొట్టం అమర్చే వీలుంది. ఇక కోలుకునే ఆశ లేదనీ, పోసిన పాలు కూడా బాధనే పెంచుతున్నాయనీ వైద్యులు చెప్పే ఘడియ కొందరికి వస్తుంది. అప్పుడు నమ్మకమైన వైద్యులనూ, ఆలిమ్‌లనూ కూర్చోబెట్టి అడగాలి. విసుగుతోనో, ఖర్చు భయంతోనో ఒంటరిగా తేల్చుకునే విషయం కాదది.

బఖరా సూరా 233వ ఆయత్ బిడ్డ పాలు మాన్పించడానికి కూడా తల్లిదండ్రుల పరస్పర అంగీకారం, సంప్రదింపు కావాలంటోంది. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టవద్దని కూడా అంటోంది. పాలు మాన్పడానికే ఇంత సంప్రదింపు అవసరమైతే, గొట్టం తీయించి రాత్రికి రాత్రి ఇంటికి తీసుకుపోవడానికి ఎంత అవసరం! ఆసుపత్రిలో ఒంటరిగా కూర్చున్న తల్లికి ఫోనులో ఆజ్ఞలిచ్చే బదులు మనం ఆమె దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టాలి. పోయిన కూలిలో కొంత మస్జిదు జమాఅత్ భరించాలి. చాలామంది తల్లులు మధ్యలోనే లేచిపోవడానికి కారణం హదీసు కాదు, ఇంటి దగ్గర ఆదుకునే మనిషి లేకపోవడమే.

నానీమాల ప్రేమను మనం గౌరవిద్దాం. వారికి ఈ మాట మెల్లగా చెబుదాం: అమ్మా, హదీసు మనల్ని కఠినంగా ఉండవద్దంది, బిడ్డను వదిలేయమనలేదు. పాలు పోయడం మన పని, ప్రాణం నిలపడం అల్లాహ్ పని.

ఓ అల్లాహ్! రోగపీడితులైన పసిబిడ్డలకు స్వస్థత ప్రసాదించు. వారి తల్లులకు సహనాన్నీ, మాకు వారి పక్కన నిలబడే సద్బుద్ధినీ ప్రసాదించు. ఆమీన్.