ముగీస్ (రజి) కన్నీళ్ళు, మన పిల్లల పాటలు

ఇషా నమాజు అయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, మన యువకుల ఇయర్‌ఫోన్లలో ఏం మోగుతోందో మనలో చాలామందికి తెలియదు. ఒకసారి వినాలి. చాలా పాటల్లో ఒకటే గోడు: ఆమె కాదన్నది, మరొకరిని చేసుకుంది, ఇక బ్రతుకే లేదు. మొదటి చరణంలోని ఏడుపు రెండో చరణానికి నిందగా, చివరికి శాపంగా మారుతుంది. సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ వేరు. ఆ మాటలు మనసుకు ఏం నేర్పుతున్నాయన్నదే ఇప్పుడు మన ముందున్న విషయం.

సోదర సోదరీమణులారా! విరహ వేదన మన ధర్మం ఎరుగని సంగతి కాదు. సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. బరీరా (రజి) అనే బానిస స్త్రీని హజ్రత్ ఆయిషా (రజి) విముక్తి చేశారు. భర్త ముగీస్ (రజి) ఇంకా బానిసే. అలాంటప్పుడు భర్తతో ఉండాలా, విడిపోవాలా అని నిర్ణయించుకునే హక్కు భార్యకు ఉంటుంది. ఆమె విడిపోయారు. ముగీస్ (రజి) మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెనుక తిరిగేవారు. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతుండేవి. అతని ప్రేమనూ, ఆమె విముఖతనూ చూసి దైవప్రవక్త (స) పినతండ్రి అబ్బాస్ (రజి)తో తన ఆశ్చర్యాన్ని చెప్పుకున్నారు.

ఆ కన్నీళ్ళను ఆయన (స) ఎగతాళి చేయలేదు. అతని దగ్గరకు తిరిగి వెళ్ళరాదా అని బరీరా (రజి)ను అడిగారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే అతని అవసరం నాకు లేదని ఆమె చెప్పేశారు.

అడిగిందెవరో ఆలోచించండి! ఆయన (స) ఆజ్ఞాపిస్తే ప్రాణమిచ్చే సమాజమది. అయినా నిన్నటిదాకా బానిసగా ఉన్న ఒక స్త్రీ కాదంది, ఆ మాటే చెల్లింది. ముగీస్ (రజి) వెంట తిరగడాన్ని ఎవరూ ఆదర్శంగా తీసుకోనక్కరలేదు. ఆ ఉదంతంలో ఆమె జవాబే చివరి మాట.

మరి మన దగ్గర? 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. వారిలో ఒకరు కన్నుమూశారు. ఒక అమ్మాయి కాదన్నందుకే ఇంత ఘోరం. పాట విన్న ప్రతివాడూ అలా అవుతాడని మేము అనడం లేదు. కానీ కాదన్న అమ్మాయి ద్రోహి అని పదేపదే విన్న చెవికి, కాదనడం ఆమె హక్కని ఎవరు చెప్పాలి?

ఇది కొడుకులకే కాదు, తండ్రులకూ వర్తిస్తుంది. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి ఆమె నికాహ్ చేస్తే దైవప్రవక్త (స) దాన్ని రద్దు చేశారు. కూతురి సమ్మతి అడగని ఇంట్లో కొడుకు సంయమనం నేర్చుకోవడం కష్టం.

అసూయ కూడా ఉంది. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట ఉండగా మరొకరు పళ్ళెంలో భోజనం పంపారు. ఇంటావిడ కొట్టడంతో ఆ పళ్ళెం పగిలింది. ఆయన (స) ముక్కలు ఏరి, ఒలికిన భోజనాన్ని దగ్గరకు చేర్చి, మీ అమ్మకు రోషం వచ్చిందని అక్కడున్నవారితో అన్నారు. పగిలినదానికి బదులు మంచి పళ్ళెం ఇచ్చి పంపారు. కోపం లేదు, కానీ నష్టపరిహారం మాత్రం తప్పలేదు!

దుఃఖమంటారా, యూసుఫ్ (అలై) కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడ్డాయి. ఆయన తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. గుండె పగిలిన కుర్రవాణ్ణి తిట్టే ముందు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. పక్కన కూర్చుని మాట్లాడాలి, సజ్దాలో ఏడవడం నేర్పాలి.

దంపతుల మధ్య అల్లాహ్ ప్రేమతోపాటు కారుణ్యాన్నీ ఉంచాడని సూరె రూమ్ 21వ ఆయత్ చెబుతుంది. ఈ రెండోది పాటల్లో వినపడదు. హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా దైవప్రవక్త (స) మేకను జిబహ్ చేసినప్పుడు మాంసాన్ని ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారు. తాను చూడనైనా చూడని ఆమె మీద తనకు కలిగినంత రోషం మరెవరి మీదా కలగలేదని ఆయిషా (రజి) స్వయంగా చెప్పుకున్నారు.