టీచరమ్మకు మొహల్లా నేర్పవలసిన పాఠం



క్రీ.శ. 621లో, తొలి అఖబా ప్రమాణం తర్వాత, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)ను యస్రిబ్ ప్రజలకు బోధకునిగా పంపారు. ఆయన మక్కా యువకుడు. అక్కడి తెగలు, వాటి పాతకక్షలు ఆయనకు కొత్త. హజ్రత్ అస్అద్ బిన్ జురారా (రజి) ఆయన్ను తన ఇంట ఉంచుకున్నారు. అన్నం పెట్టి ఊరుకోలేదు, జనం కూడే తోటలకు వెంటబెట్టుకు వెళ్ళారు. ఉసైద్ బిన్ హుజైర్ బల్లెం పట్టుకుని కోపంగా వస్తుంటే, ఈయన తన తెగకు నాయకుడని ముందే చెవిన వేశారు. ముస్అబ్ (రజి) ఆయన్ను కూర్చుని వినమని, నచ్చకపోతే ఆపేస్తామని నెమ్మదిగా అన్నారు. ఉసైద్ విన్నారు, ఇస్లాం స్వీకరించారు. బోధన ముస్అబ్‌ది. ఎదుటివాడు ఎవరో చెప్పింది మాత్రం ఆ ఊరివాడైన అస్అద్.

నేడు హైదరాబాదు పాతబస్తీ బడికి బి.ఎడ్. శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి వస్తుందనుకోండి. 2014 నాటి నిబంధనలు ఈ కోర్సును రెండేళ్ళకు పెంచి, అందులో 20 వారాలు బడుల్లో గడపాలన్నాయి. బోధనా పద్ధతులు ఆమె చదువుకునే వచ్చింది. కాని ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లవాడు తెలుగు వాచకం ముందు ఎందుకు మూగబోతాడో, రాత్రి దాకా తల్లి పక్కన కూర్చుని లక్క గాజులకు రాళ్ళు అతికించిన పిల్ల హోంవర్కు ఎందుకు తేలేదో ఏ కాలేజీ చెబుతుంది? ఆ తల్లులే చెప్పాలి. మనలో ఎందరం ఆమెను ఇంటికి పిలిచి ఒక కప్పు చాయ్ ఇచ్చాం?

ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం స్త్రీలు కావాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. సంతకం పెట్టి రావడానికి కాదు ఆ కుర్చీ! శిక్షణకు వచ్చినవారిని మా వీధులకు పంపండని హెడ్మాస్టరును అడగవచ్చు.

మన ఆడపిల్లలే టీచర్లు కావాలంటే ఫీజు అడ్డొస్తుంది. జకాత్ ఇవ్వవచ్చా అని అడుగుతుంటారు. ఆ విద్యార్థిని జకాత్‌కు అర్హురాలైతే నిస్సందేహంగా ఇవ్వవచ్చు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ సొమ్ము ఆమె సొంతమయ్యేలా చేతికివ్వాలి. కాలేజీ గోడలకు జకాత్ చెల్లదు, వాటికి చందా ఉంది. మీనారు రంగులకు రెండు జుమాల్లో డబ్బు పోగుచేసే కమిటీలకు ఇదేమంత భారం?

వచ్చే రంజాన్‌లో జకాత్ లెక్క కట్టేటప్పుడు, మీ వీధిలో ఇంటర్‌తో చదువు ఆగిపోయిన అమ్మాయి ఎవరో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. వాళ్ళకు తెలిసే ఉంటుంది.