కోటను విడిచినవారు

హోన్షూ ద్వీపపు పడమటి కొసన, సముద్రతీరమున, హాగి యను పట్టణము కలదు. అచ్చట షిజుకి కొండ పాదమున మోరి ప్రభువుల కోట శిథిలమై యున్నది. యాత్రికునకు కనబడునవి అగడ్త, రాతిగోడలు, ఒకప్పుడు అయిదంతస్తుల సౌధమును మోసిన పునాది మాత్రమే. 1600లో సెకిగహారా యుద్ధానంతరము రాజ్యమున అధికభాగమును కోల్పోయిన మోరి తెరుమొతొ 1604లో దీనిని కట్టనారంభించెను.

ఈ కోటను కూల్చినది శత్రువు కాదు. దీని నీడలో పెరిగినవారే 1868లో షోగునుల పాలనను తుదముట్టించి, చక్రవర్తి పేర నూతన ప్రభుత్వమును నెలకొల్పిరి. ఆ ప్రభుత్వపు కాలముననే, 1874లో, కోట పడగొట్టబడెను. ఇది కృతఘ్నతయా, త్యాగమా?

త్యాగమే యనుట సులభము. యొషిదా షోయిన్ ఆ యువకులకు బోధించిన పాఠశాల, చిన్న చెక్క యిల్లు, నేటికిని ఆ పట్టణమున నిలిచియున్నది. రాయి కూలి విద్య మిగిలెనని ఉపన్యసించుటకు ఇంతకన్న అనువైన దృష్టాంతము దొరకదు. కాని చరిత్ర అంత సాధువు కాదు. షోయిన్ షోగును మంత్రి నొకనిని వధింప నాలోచించినవాడు. 1859లో ఎదో నగరమున శిరచ్ఛేదము పొందెను. ఆయన శిష్యుడు ఇతో హిరోబుమి 1885లో జపాను ప్రథమ ప్రధానమంత్రి యయ్యెను. మరియొక శిష్యుడు మయెబారా ఇస్సెయి అదే ప్రభుత్వమున పదవి నొంది, దానిని విడిచి హాగికి మరలి, 1876లో తిరుగుబాటు చేసి మరణదండన పొందెను. గురువొక్కడే, గదియు నొక్కటే.

ఆ సంవత్సరముననే యోధులకు కత్తి ధరించు హక్కు, వంశపారంపర్యపు భృతి రెండును తొలగింపబడెను. మంత్రిపదవి నందినవాడు పాత హోదాను విడుచుట త్యాగమగునా? విడిచినదానికన్న పొందినది మిక్కుటము కదా! భృతిపై బ్రతికిన పేదయోధుని సమ్మతి నెవ్వరును కోరలేదు. ఆ మార్పు దేశమున కవసరమే కావచ్చును. అవసరమైన కార్యమును అవసరమనియే పిలువవలెను. పరుల అన్నమును విడిచిపెట్టి తాను త్యాగినని తలచుట రాజులకే పరిమితము కాదు, గృహములలోను మఠములలోను కలదు.

జీవనము కోల్పోయిన హాగి యోధుల పెరటులలో, 1876 నుండి, నాత్సుమికాన్ అను పుల్లని నారింజను నాటించిరి. కత్తి దించిన చేతులు పాదులు త్రవ్వెను. ఆ పండ్లు నేటికిని పాత మట్టిగోడల మీదుగా వీథిలోనికి వ్రేలాడుచుండును.