ఆకాశంలో వలయం, అంగడిలో త్రాసు

2024 రమజాన్ మాసంలో ఒక పని మీద పిట్లం వెళ్ళిన మాకు ఆ రాత్రి అక్కడే ఉండిపోవలసి వచ్చింది. హైదరాబాద్ నుంచి నాందేడ్ పోయే రహదారి మీద, ఒకప్పుడు నిజామాబాద్ జిల్లాలోనూ 2016 నుంచి కామారెడ్డి జిల్లాలోనూ ఉన్న ఊరది. తరావీహ్ నమాజు ముగిశాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, ఇంటర్ చదివే ఓ కుర్రవాడు వచ్చి తన ఫోను మా ముందు పెట్టాడు. నల్లని ఆకాశంలో వెలుగుతున్న ఓ పెద్ద ఉంగరం. కింద తెలుగులో పెద్ద అక్షరాలు: శాస్త్రవేత్తలు ఆకాశంలో మహావలయాన్ని కనుగొన్నారట, పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే దివ్యఖుర్ఆన్ దీన్ని చెప్పిందట, అది చూసి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కలిమా చదివారట.

"సాబ్, ఇది నిజమేనా? నేనైతే ఇప్పటికే నాలుగు గ్రూపులకు పంపిన" అన్నాడు.

పక్కనే నిలబడి ఉన్న కిరాణా దుకాణం చాచా నవ్వాడు. "అరే బేటా, గంత పెద్ద దునియాల మన పిట్లం ఎంత, నా దుకాణం ఎంత? పప్పు తూకంల నేను పది గ్రాములు తక్కువేస్తే పైవాడు చూసుకుంట కూసుంటడా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కాని బసకు చేరాక ఆ రెండు మాటలూ మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఒకటి అమాయకంగా అన్న మాట, మరొకటి వేళాకోళంగా అన్న మాట. రెండూ మన విశ్వాసానికి సంబంధించినవే.

ముందు అసలు విషయం ఏమిటో చూద్దాం. వీడియో సంగతి ఎలా ఉన్నా, వలయం వార్త మాత్రం వట్టిది కాదు. ఇంగ్లాండులోని సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అలెక్సియా లోపెజ్ అనే యువతి 2021లో ఒక మహాచాపాన్ని, 2024 జనవరిలో ఒక మహావలయాన్ని లోకానికి ప్రకటించారు. కాంతి ఒక సెకనులో దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుని వెలుగు మనల్ని చేరడానికి దానికి ఎనిమిది నిమిషాలు చాలు. అలాంటి కాంతికి ఆ చాపం ఒక కొస నుంచి మరో కొసకు చేరడానికి 330 కోట్ల సంవత్సరాలు పడుతుంది. వలయాన్ని అడ్డంగా దాటడానికి 130 కోట్ల సంవత్సరాలు. రెండూ ఆకాశంలో ఒకే దిక్కున, మనవాళ్ళు స్వాతి అని పిలిచే నక్షత్రం ఉన్న భూతేశ మండలం దగ్గరే ఉన్నాయి. స్వాతి వెలుగు మన కంటిని చేరడానికి 37 ఏళ్ళు పడితే, ఆ వలయం నుంచి బయలుదేరిన వెలుగు 920 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చింది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే విశ్వం తన నేటి వయసులో మూడో వంతుకు వచ్చిన నాటి రూపం మనకిప్పుడు కనబడుతోందన్నమాట!

అయితే ఆ ఉంగరాన్ని ఎవరూ కళ్ళారా చూడలేదు. వీడియోలోని బొమ్మ ఎవరో గీసినది. ఎంతో దూరాన ఉన్న క్వాసార్లు అనే అతి ప్రకాశవంతమైన దీపాల వెలుగు, దారిలో ఉన్న గెలాక్సీల వాయువుల గుండా వస్తూ కొంత తగ్గుతుంది. ఆ వాయువులలోని మెగ్నీషియం మింగేసిన వెలుగు గుర్తులను బట్టి ఎక్కడెక్కడ గెలాక్సీలు ఉన్నాయో లెక్కగట్టి, ఆ చుక్కలను కలిపితే వలయంలా కనిపించింది.

ఇందులో శాస్త్రజ్ఞులను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. మంజీరా ఒడ్డున ఇసుక మేటను దగ్గర నుంచి చూస్తే గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. వంతెన మీద నుంచి చూస్తే నున్నగా ఒకే తీరున కనిపిస్తుంది. విశ్వమూ అంతేననీ, సుమారు 120 కోట్ల కాంతి సంవత్సరాల కొలతకు మించి చూస్తే ఎక్కడా మేట, గుంట కనిపించకూడదనీ వారి సిద్ధాంతం. చాపమూ వలయమూ ఆ హద్దును దాటాయి. అయితే సిద్ధాంతం తప్పేనా? కొందరు అవునేమో అంటున్నారు. మరికొందరు, కోట్ల చుక్కలలో ఏ ఆకారం వెతికినా ఎక్కడో ఒకచోట దొరుకుతుందనీ, పాత సిద్ధాంతంతో కంప్యూటరులో తయారుచేసిన విశ్వాలలోనూ ఇలాంటివి కనిపిస్తున్నాయనీ అంటున్నారు. వాదం ఇంకా తేలలేదు.

తేలని ఈ సంగతిని పట్టుకుని మన కుర్రవాడు నాలుగు గ్రూపులకు సాక్ష్యం పంపేశాడు. అతని ఉద్దేశం మంచిదే. ధర్మం మీద ప్రేమతోనే పంపాడు. మరి తప్పేమిటి?

హజ్రత్ మారియా (రజి) కడుపున పుట్టిన దైవప్రవక్త (సఅసం) ముద్దుల కుమారుడు ఇబ్రాహీం ఏడాదిన్నర పసితనంలోనే కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. అది క్రీ.శ. 632 జనవరి 27 అయి ఉంటుందని గణకులు లెక్కకట్టారు. మదీనా వీధుల్లో ప్రజలు, ప్రవక్త బిడ్డ మరణానికి సూర్యుడే చీకటయ్యాడని చెప్పుకోసాగారు. ఒక్క క్షణం ఆలోచించండి. శత్రువులు ఇంకా ఉన్నారు, కపటులు ఉన్నారు. ఆ మాటను ప్రచారం చేయనక్కరలేదు, దానికి అబద్ధమాడనూ అక్కరలేదు, మౌనంగా ఉంటే చాలు. ఎంతమంది విశ్వాసం బలపడి ఉండేదో! పైగా కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన తండ్రి ఆయన. అటువంటి వేళ ఓదార్పుగా వినిపించిన మాటను ఎవరు కాదంటారు? ఆయన కాదన్నారు. గ్రహణపు నమాజు చేయించి, సూర్యచంద్రులు దేవుని సూచనలనీ, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టంగా చెప్పేశారు.

ఆయనే తనకు అనుకూలంగా ఆకాశాన్ని వాడుకోలేదు. మనం వాడుకోవచ్చునా?

ఇందులో మరో ప్రమాదం కూడా ఉంది. 1917లో ఐన్‌స్టీన్ అంతటివాడు విశ్వం కదలకుండా ఉందనుకుని, తన సమీకరణంలో అందుకు తగిన సంఖ్యను చేర్చాడు. 1929లో గెలాక్సీలు దూరంగా జరిగిపోతున్నాయని హబుల్ లెక్కలు చూపాయి. 1920లో ఎవరైనా ఒక ఆయతును తెచ్చి కదలని విశ్వానికి ముడివేసి ఉంటే, పదేళ్ళు తిరగకముందే వారి పిల్లలు ఏమనుకునేవారు? సిద్ధాంతం మారడం శాస్త్రానికి లోపం కాదు, అది దాని నడక. ఆ నడకకు దైవగ్రంథాన్ని కట్టివేసినవాడు గ్రంథాన్ని గౌరవించినట్టు కాదు. జారియాత్ సూరాలో ఆకాశపు మార్గాల ప్రస్తావన ఉన్న మాట నిజమే. దాని అర్థం విషయంలో వ్యాఖ్యాతలే పలు విధాలుగా చెప్పారు. అక్కడ ఈ వలయాన్ని తెచ్చి తగిలించే అధికారం మనకు ఎవరిచ్చారు?

"అయితే ఆకాశాల గురించి ఆలోచించవద్దంటారా?" అని కొందరు అడగవచ్చు. ఎందుకు వద్దంటాము! చూడమనీ, మళ్ళీ చూడమనీ చెప్పిన ధర్మం మనది. కాని చూడడమంటే ఫోనులో చూడడం కాదు గదా. మన గడ్డ మీదే అలా చూసినవారు ఉన్నారు. పిట్లం హైదరాబాద్ సంస్థానంలో ఉన్న రోజుల్లో, 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి హైదరాబాదులో వేధశాల పెట్టి, నిజాం పేరిట నిజామియా అని పిలిచారు. ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకు మార్చారు. ఆకాశమంతటినీ ఫోటో తీసి నక్షత్రాల పట్టిక వేయాలని ప్యారిస్‌లో మొదలైన ప్రయత్నంలో ఈ వేధశాల ఒక వంతు తలకెత్తుకుంది. టి.పి. భాస్కరన్ నాయకత్వంలో దశాబ్దాల తరబడి గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్క ఎక్కడుందో సూక్ష్మంగా కొలిచి రాశారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు, పన్నెండు సంపుటాలు!

ఆ గదిలో కూర్చుని కొలిచిన గుమాస్తాకు, తన కొలత ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో తెలియదు. అలసిపోయి ఒక చుక్కను అందాజుగా వేసేసినా అడిగేవాడు లేడు. కాని 2000 సంవత్సరంలో ఐరోపా ఉపగ్రహం కొలతలతో 25 లక్షల నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు, అవి ఎటు ఎంత కదిలాయో తెలుసుకోవడానికి ఆ పాత కొలతలే ఆధారమయ్యాయి. అందులో హైదరాబాద్ పలకలూ ఉన్నాయి. ఆ లెక్క రాసిన చేతులు అప్పటికి మట్టిలో కలిసి ఎన్నేళ్ళయిందో.

ఇక్కడికి వచ్చాక చాచా మాటకు జవాబు దొరికినట్టే అనిపించింది. మరుసటి ఉదయం దుకాణానికి వెళ్ళి ఆయనతోనే మాట్లాడాము. "చాచా, రోడ్డు మీద లారీలు తూచే ధర్మకాంటా ఉంది గదా, దాని మీద తులం బంగారం పెడితే ముల్లు కదులుతుందా?" అని అడిగాము. కదలదన్నాడు. "మరి బంగారానికి విలువ లేనట్టేనా?" ఆయన ఏమీ అనలేదు. వలయం ముందు పిట్లం కనిపించకపోతే అది పొడవు కొలిచే బద్ద సంగతి. న్యాయాన్ని ఆ బద్దతో ఎవరూ కొలవరు. ఆ వలయం ఎంత పెద్దదైనా దానికి తప్పు చేసే స్వేచ్ఛ లేదు, రేపు లెక్క చెప్పవలసిన పనీ లేదు. పది గ్రాములు దాచగలిగే చేయి మాత్రం మనిషిదే. రహ్మాన్ సూరాలో ఆకాశాన్ని ఎత్తి నిలిపిన మాట, త్రాసును ఉంచిన మాట, తూకంలో తగ్గించవద్దన్న మాట వెంట వెంటనే వస్తాయి. ఎన్నోసార్లు చదివాము గాని, కిరాణా దుకాణంలో కాంటా ముందు నిలబడి ఆలోచించినప్పుడే ఆ వరుస మాకు తట్టింది. చాచా కాంటా పళ్ళెం కింద చెయ్యి పెట్టి దుమ్ము తుడిచాడు. "మజాక్ చేసిన సాబ్" అన్నాడు, కాస్త గంభీరంగానే.

కుర్రవాడికి మాత్రం ఒకటే చెప్పాము. వలయం వార్త ఎంతవరకు నిజమో, ఏది కలిపి చెప్పిందో రాసి, పంపిన నాలుగు గ్రూపులకూ మళ్ళీ పంపమన్నాము. తెలియనిదాన్ని తెలిసినట్టు తూచి ఇవ్వడం కూడా తూకంలో మోసమేనన్నాము. అతను తల ఊపాడు. ఆ రాత్రి తరావీహ్ అయ్యాక అతనికి తూర్పున పైకి వస్తున్న స్వాతిని చూపించాము. కాస్త ఎర్రగా, ఒంటరిగా. ఇంకొన్ని గంటలకు అది పిట్లం నడినెత్తికి వస్తుందని చెబితే నమ్మలేదు, సహరీకి ముందు లేచి చూస్తానన్నాడు.

పండుగ తర్వాత అతని నుంచి ఫోను వచ్చింది. నాలుగు గ్రూపులకూ సవరణ పంపాడట. రెండింట్లో ఎవరూ ఏమీ అనలేదట. ఒక గ్రూపులో ఓ టీచరు మెచ్చుకున్నారట. నాలుగో గ్రూపులో ఒక పెద్దమనిషి, ఈమాన్ తక్కువైందని మందలించి అతన్ని గ్రూపు నుంచి తీసేశారట. "ఇప్పుడేం చెయ్యాలె సాబ్?" అని అడిగాడు.

ఆ పెద్దమనిషి మాకూ తెలిసినవారే. ఈ పత్రిక ఆయన ఇంటికీ వెళుతుంది.