ఆడవాళ్ళు తెచ్చిన కబురు

కథలు రాసేవాళ్ళకి ఒక కిటుకు తెలుసు. కట్టుకథ తనకి పనికొచ్చే సాక్షినే వెతుక్కుంటుంది. నిజానికి ఆ వెసులుబాటు లేదు. ఆ సమయానికి అక్కడెవరుంటే వాళ్ళతోనే సర్దుకోవాలి. ఈస్టర్ కథ చదివినప్పుడల్లా నాకీ సంగతే గుర్తొస్తుంది.

శిలువ మీద చనిపోయిన యేసు మూడోనాడు లేచాడన్నది క్రైస్తవుల నమ్మకానికి మూలస్తంభం. ఆయన లేవకపోతే తమ బోధంతా వట్టిదేనని పౌలే రాసుకున్నాడు. అంత బరువు మోసే స్తంభాన్ని జనం కదిపి చూడకుండా ఊరుకుంటారా?

శిష్యులే శవాన్ని ఎత్తుకుపోయారన్న మాట ఎంత పాతదంటే, అది మత్తయి సువార్తలోనే ఉంది. 18వ శతాబ్దంలో జర్మనీలో రైమారస్ అనే పండితుడు దాన్ని మళ్ళీ పైకి తీశాడు. తాము ఆడిన అబద్ధం కోసం ఎవరైనా చావుదెబ్బలు తింటారా అన్నది క్రైస్తవుల జవాబు. అసలాయన చనిపోలేదు, సొమ్మసిల్లాడంతే అన్నారు ఇంకొందరు. విచిత్రమేమిటంటే, దీనికి గట్టి జవాబు చెప్పినవాడు అద్భుతాలని నమ్మని స్ట్రాస్! అన్ని గాయాలతో సమాధిలోంచి ఈడ్చుకుంటూ వచ్చిన మనిషిని చూస్తే కట్లు కట్టాలనిపిస్తుంది గానీ, మృత్యువుని జయించాడనిపిస్తుందా అని 1864లో నిలదీశాడు.

మరి స్ట్రాస్ ఏమంటాడు? దుఃఖంలో ఉన్నవాళ్ళకి కలిగిన భ్రమ అంటాడు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పోయినవాళ్ళు కళ్ళముందు నిలబడ్డట్టు అనిపించిందని చెప్పేవాళ్ళు మనలోనూ ఉన్నారు. దానికి క్రైస్తవులు ఒకటంటారు. పోయిన భర్త కనిపించిన ఇల్లాలు ‘ఆయన ఆత్మ వచ్చింది’ అంటుంది గానీ, ‘ఆయన సమాధి ఖాళీగా ఉంది’ అనదు కదా! ఆ మాట అనాలంటే సమాధిని కూడా చూసి ఉండాలి.

చూసిందెవరు? మగ్దలేనే మరియ. నాలుగు సువార్తల్లోనూ ఆమె పేరుంది. మూడింటిలో తోడుగా వేరే ఆడవాళ్ళున్నారు. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి అంతగా విలువలేదు. వాళ్ళొచ్చి చెబితే శిష్యులే వెర్రిమాటలనుకున్నారంటాడు లూకా. 2వ శతాబ్దంలో సెల్సస్ అయితే, ఉన్మాదంలో ఉన్న ఆడమనిషి మాటని వెక్కిరించాడు. తర్వాతి శతాబ్దంలో ఒరిజెన్ అతనికి ఒక గ్రంథమే జవాబుగా రాశాడు. కల్పించేవాడైతే ఇలా నవ్వులపాలయ్యే సాక్షిని తెచ్చుకుంటాడా? అరిమతయియ యోసేపులాంటి పెద్దమనిషినే పంపేవాడు కదా అంటారు క్రైస్తవులు.

అవతలివాళ్ళూ తక్కువవాళ్ళు కారు. శవానికి సుగంధద్రవ్యాలు పూయడం ఆడవాళ్ళ పని, కథలో అక్కడ వాళ్ళుండడంలో వింతేముంది అంటారు. పైగా సువార్తలకన్నా ముందు రాసిన పౌలు జాబితాలో కేఫా, పన్నెండుమంది, 500 మందికి పైగా సోదరులు, యాకోబు ఉన్నారు గానీ, ఒక్క స్త్రీ పేరూ లేదు. ఖాళీ సమాధి కథ తర్వాత పుట్టిందనడానికి ఇదే ఆనవాలని వీళ్ళంటారు. ఎవరూ నమ్మరనే ఆ పేర్లు వదిలేశారని వాళ్ళంటారు.

నా మటుకు నాకు, ఆ ఆడవాళ్ళు అబద్ధమాడలేదనే అనిపిస్తుంది. కానీ అబద్ధమాడకపోవడం వేరు, చనిపోయిన మనిషి లేవడం వేరు. మధ్యనున్న దూరాన్ని వాదన దాటించలేదు. దాటేవాళ్ళు విశ్వాసంతో దాటుతారు, దాటనివాళ్ళు ఇవతలే ఆగుతారు. ఇద్దరి మీదా నాకు గౌరవమే.

సెల్సస్ దగ్గరే నాకు పేచీ. చెప్పినదేమిటని కాక, చెప్పినదెవరని చూశాడతను. ఆ మాటకొస్తే, కలిసి తిరిగిన శిష్యులు మాత్రం చేసిందేమిటి? సందేహించడం ఎవరికైనా హక్కే. ‘ఆడది, దాని మాటేమిటి’ అనడం సందేహం ఎలా అవుతుంది? నమ్మకపోతే మానండి, ముందు ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి.